కువైట్ వెళ్తున్న చెల్లెలికి మీ అరబిక్ నేర్పకండి, ఆడవాళ్ల అరబిక్ నేర్పండి

మీ ప్రశ్న ఇది: మీరు ఆరేళ్లు కువైట్‌లో డ్రైవరుగా చేసి రాయచోటి తిరిగొచ్చారు. ఇప్పుడు మీ చెల్లెలు, 35 ఏళ్లావిడ, ఖాదిం వీసా మీద ఇంటిపనికి వెళ్తోంది. మీకొచ్చిన అరబిక్ రోజూ కాస్త కాస్త చెప్తున్నారు. ఆడవాళ్లకు సంబంధించిన మాటలు, అంటే పిలుపులు, వరుసలు, ఆరోగ్యం, కాగితాల మీద ఉండేవి, అరబిక్‌లో ఏవి రావాలి, ఇంగ్లిష్‌లో ఏవి రావాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీకు వచ్చింది మగవాళ్ల అరబిక్. దాన్ని అలాగే ఆమె నోట్లో పెట్టకండి. మిమ్మల్ని కఫీలు (వీసా ఇచ్చిన యజమాని) పిలిచింది మగవాణ్ణి పిలిచినట్టు, మీరు మీ గురించి చెప్పుకుంది మగవాడు చెప్పుకున్నట్టు. ఆడమనిషికి మూడు చోట్ల మాట మారుతుంది: ఆమెతో ఎవరైనా మాట్లాడినప్పుడు, ఆమె తన గురించి చెప్పుకున్నప్పుడు, ఆమె ఇంకో ఆడమనిషి గురించి చెప్పినప్పుడు. ఈ మూడూ పట్టుబడితే 50, 60 మాటలతో మొదటి మూడు నెలలు గడుస్తాయి. ఇంగ్లిష్‌లో అయితే 15 మాటలు చాలు, అవన్నీ ఫారాలకీ ఆసుపత్రికీ సంబంధించినవే.

ఆమెతో మాట్లాడేటప్పుడు

మిమ్మల్ని "తఆల్" అని పిలిచేవారు. ఆమెను "తఆలీ" అంటారు. రూహ్ కాదు రూహీ (వెళ్లు), యీబ్ కాదు యీబీ (తీసుకురా), షీల్ కాదు షీలీ (తియ్యి, ఎత్తు). చివర "ఈ" చేరితే ఆడమనిషికి చెప్తున్నట్టు. "నువ్వు" అనడానికి మగవాడికి ఇంతా, ఆడమనిషికి ఇంతీ. "నీ" అనే చోట కువైటీలు ఆడవాళ్లకు "ఇచ్" వాడతారు: ష్లోనిక్ అంటే మగవాణ్ణి బాగున్నావా అని అడగడం, ష్లోనిచ్ అంటే ఆడమనిషిని. ఇస్మిచ్ అంటే నీ పేరు. ఈ "చ్" కువైట్ ఇళ్లలో రోజంతా వినపడుతుంది. మగవాళ్లతో మెలిగిన డ్రైవరు చెవికి అది అంతగా అలవాటుండదు, అందుకే దీన్ని ప్రత్యేకంగా నేర్పండి.

ఇక్కడ ఒక పొరపాటు దాదాపు అందరికీ జరుగుతుంది. ఇంట్లో మేడం రోజంతా "తఆలీ, యీబీ, రూహీ" అనడం విని, ఆ మాటలే ఎనిమిదేళ్ల మగపిల్లవాడితో అంటారు. వాడిని ఆడపిల్లను చేసి పిలిచినట్టు అవుతుంది. నవ్వుతాడు, ఒక్కోసారి ఉడుక్కుంటాడు. అందుకని ఒక్కో క్రియనూ జంటగానే నేర్పండి: "బాబుకి తఆల్, పాపకి తఆలీ." విడిగా నేర్పితే తర్వాత సర్దుకోవడం కష్టం.

తన గురించి చెప్పుకునేటప్పుడు

మీరు "అనా తఅబాన్" అనేవారు. ఆమె "అనా తఅబానా" అనాలి. అలసిపోయాను అనడానికీ, ఒంట్లో బాగాలేదు అనడానికీ అదే మాట. మిగతావి కూడా ఇలాగే చివర "ఆ"తో వస్తాయి: మరీదా (జబ్బుగా ఉన్నాను), యూఆనా (ఆకలిగా ఉంది), అత్‌షానా (దాహంగా ఉంది), ఖాయ్‌ఫా (భయంగా ఉంది), గల్తానా (తప్పు నాదే), మష్‌గూలా (పనిలో ఉన్నాను).

వీటన్నిటికంటే ముందు నేర్పాల్సింది "అనా మూ ఫాహ్మా". నాకు అర్థం కాలేదు అని. మగవాడైతే ఫాహిం అంటాడు. అర్థం కాకపోయినా తలూపి వెళ్లి వేరే పని చేసేయడం వల్ల వచ్చే తిట్లు, భాష అసలు రాకపోవడం వల్ల వచ్చే తిట్లకంటే ఎక్కువ. ఈ ఒక్క ముక్క నాలుక మీద ఆడుతుంటే సగం గొడవలు తప్పుతాయి.

ఇంకొకరి గురించి చెప్పేటప్పుడు

మామా మూ మౌజూదా: మేడం ఇంట్లో లేరు. బాబా మూ మౌజూద్: సారు లేరు. గాల్ అంటే అన్నాడు, గాలత్ అంటే అన్నది. తెలుగులో అన్నాడు, అన్నది అని మనకూ తేడా ఉంది కాబట్టి ఇది తొందరగానే పట్టుబడుతుంది. కానీ దీన్ని తేలిగ్గా తీసుకోకూడని చోటు ఒకటుంది. దరబ్‌నీ అంటే నన్ను (అతను) కొట్టాడు, దర్‌బత్‌నీ అంటే (ఆమె) కొట్టింది. పోలీసుల దగ్గర గానీ ఎంబసీలో గానీ చెప్పేటప్పుడు ఆ "బత్" పోతే ఫిర్యాదు ఇంకొకరి మీదికి పోతుంది. కొట్టింది మేడం అయితే పేరు సారుది పడుతుంది. ఈ రెంటినీ పదిసార్లు పలికించండి.

ఇంట్లో పిలుపులు

కువైట్ ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానురాలిని మామా అనీ, యజమానిని బాబా అనీ అంటారు. ఇంట్లో పెద్దావిడ ఉంటే మామా ఓదా, లేదా మామా కబీరా. మన వాళ్లు మేడం అన్నా నడుస్తుంది. అలవాటుకొద్దీ "అమ్మా" అన్నా తప్పు పట్టరు, ఎందుకంటే అరబిక్‌లో గొంతులోంచి పలికే "అమ్మా" అంటే మేనత్త, అత్తగారు. మర్యాద ఉన్న మాటే. తల్లి అని మాత్రం కాదు. తల్లికి ఉమ్మ్, పిల్లలు ముద్దుగా పిలిచేది యుమ్మా.

ఫోన్ మోగి "ఉమ్మ్ ఫహద్ మౌజూదా?" అని అడిగితే ఇంట్లో అలాంటి పేరున్నవాళ్లు ఎవరూ లేరని చెప్పేస్తుంటారు. ఉమ్మ్ ఫహద్ అంటే ఫహద్ వాళ్లమ్మ, అంటే మేడమే. మన ఊళ్లో "చంటోడి అమ్మ" అన్నట్టు, పెద్దకొడుకు పేరు మీద పిలవడం అక్కడ గౌరవం. వెళ్లిన మొదటి రోజే పెద్దబ్బాయి పేరు తెలుసుకుని, ముందు "ఉమ్మ్" పెట్టి గుర్తుపెట్టుకోమనండి. ఆమె మాత్రం మామా అనే పిలవాలి. మేడం అసలు పేరు బయటి మగవాళ్లకు చెప్పకపోవడం మంచిది. పాతకాలపు పద్ధతి ఉన్న ఇళ్లలో భార్య పేరు నలుగురిలో పలకరు, "అల్ అహల్" (మా ఇంట్లోవాళ్లు) అంటారు. మన పెద్దలు "మా ఇంట్లో" అనేవారు కదా, అదే పద్ధతి.

పిల్లల్లో మగపిల్లవాడు వలద్, ఆడపిల్ల బింత్, చిన్నపాప బ్‌నయ్యా. పిల్లవాడిని యాహిల్ అనీ, పిల్లలందరినీ కలిపి యహ్హాల్ అనీ అంటారు. బడి నుంచి వచ్చి "అబ్లా గాలత్" అంటే టీచరమ్మ చెప్పింది అని. కొన్ని బడుల్లో ఇంగ్లిష్ "మిస్" వాడతారు.

ముసలావిడకు అసలు మాట అజూజ్, కువైట్‌లో "జ" పోయి "య" వచ్చి అయూజ్. ఆ మాట వినాలి గానీ అనకూడదు. ఎదుట ఉన్నప్పుడు హజ్జియ్యా, ఖాల్తీ, యుమ్మా అనాలి. పెళ్లికాని పెద్దావిడను ఆనిస్ అంటారు. మనవాళ్లు "ఇంకా పెళ్లి కాలేదా" అని అడిగినంత నొప్పి ఆ మాటలో ఉంటుంది. నోట రానివ్వకండి.

"ఆడమనిషి" అనే మాట

ఇక్కడ కాస్త ఆగాలి. తెలుగులో ఆడది, ఆడమనిషి, స్త్రీ, మహిళ అన్నీ ఒకటి కానట్టే అక్కడా ఒకటి కావు.

పుస్తకాల అరబిక్‌లో ఒక్కరైతే ఇమ్‌రఆ, చాలామందైతే నిసా. ఏకవచనానికీ బహువచనానికీ పోలికే లేదు, విడిగా నేర్చుకోవాల్సిందే. కువైట్ మాటల్లో ఒక్కరైతే మరా లేదా హుర్మా, చాలామందైతే హరీమ్. ఈ హరీమ్‌నే ఇంగ్లిష్‌వాళ్లు హారెమ్ చేసుకుని రాజుల అంతఃపురాల కథలు అల్లారు. కువైటీ నోట అది కేవలం "ఆడవాళ్లు". హుర్మాలో హ-ర-మ అనే మూడక్షరాలే హరామ్‌లోనూ మహరం (పెళ్లి చేసుకోకూడని దగ్గరి చుట్టం) అనే మాటలోనూ ఉన్నాయి, మూలార్థం "ముట్టకూడనిది, కాపాడుకోవాల్సింది". ఈ తరం ఆడవాళ్లలో చాలామందికి ఆ మాట నచ్చదు. మేడం ముందు ఇంకొకరిని హుర్మా అనడం, "మరా" అనడం రెండూ మానేసి, "సయ్యిదా" అనడమో, చిన్నమ్మాయైతే బింత్ అనడమో మేలు.

మరా అనే మాటతో రెండు చిక్కులు. ఒకటి, అది కువైటీల దగ్గర మామూలు మాటే గానీ ఈజిప్టువాళ్ల దగ్గర తిట్టు. కువైట్‌లో మందుల షాపుల్లో, క్లినిక్కుల్లో, బడుల్లో ఈజిప్టువాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లతో సిత్త్ అనాలి, బహువచనం సిత్తాత్. రెండు, ఒక్క "ర" బదులు రెండు "ర"లు పడితే అర్థం మారుతుంది. మర్రా థాన్యా అంటే "ఇంకోసారి". మరా థాన్యా అంటే "ఇంకో ఆడది", అంటే సారుకి రెండో భార్య అనే ధ్వని. ఇంకోసారి చెప్పండి అనబోయి ఇది పలికితే ఇంట్లో ఏమవుతుందో ఊహించుకోండి. మర, మర్రి అని తేడాగా పలికే మనకు ఇది కష్టం కాదు, తెలియక జరిగే పొరపాటే.

హరీమ్, హరామీ కూడా దూరంగా ఉంచి నేర్పండి. హరామీ అంటే దొంగ.

ఇక ఔరత్. కడప, హైదరాబాదు వైపు ఉర్దూ తెలిసినవాళ్లు అరబిక్ దొరకనప్పుడు ఉర్దూ మాట వేస్తారు. చాలాసార్లు అది పనిచేస్తుంది, ఎందుకంటే ఉర్దూలో చాలా మాటలు అరబిక్ నుంచి వచ్చినవే. ఔరత్ దగ్గర మాత్రం తిరగబడుతుంది. ఈ మాటకు మూలమైన అరబిక్ "అవ్రా"కు అర్థం ఒంటి మీద కప్పుకోవాల్సిన భాగం, మర్మాంగం. అది పారశీకం మీదుగా ఉర్దూలోకి వచ్చి స్త్రీ అయింది. అరబ్బు ముందు "ఆ ఔరత్" అంటే అతనికి వినపడేది వేరు. ఈ ఒక్క ఉర్దూ మాటనూ పూర్తిగా మానుకోమనండి.

ఇంగ్లిష్‌లో ఉమన్ అంటే చాలు, ఎక్కడైనా సరిపోతుంది. ఫీమేల్ అనేది ఫారానికి, మనిషిని చూపించి అనేది కాదు. పెళ్లయిన ఆవిడను గర్ల్ అనకూడదు. లేడీస్ అనేది బోర్డు మీద మాట. మిసెస్ పెళ్లయినవాళ్లకు, మిస్ కానివాళ్లకు, ఎమ్మెస్ అని రాస్తే ఏ వివరమూ చెప్పనట్టు. అరబిక్ ఫారాల్లో ఆ మూడోది ఉండదు. సయ్యిదా (పెళ్లయింది), ఆనిసా (కాలేదు) అంతే.

వరుసలు: ఇక్కడే మన పద్ధతీ వాళ్ల పద్ధతీ ఢీకొంటాయి

ఖాలా అంటే తల్లి తోడబుట్టినది. మనకు పెద్దమ్మ, పిన్ని వేరు, వాళ్లకు ఒకటే. అమ్మా అంటే తండ్రి తోడబుట్టినది, మేనత్త. ఇంగ్లిష్‌లో అన్నీ ఆంటీయే కాబట్టి ఇంగ్లిష్ మీద ఆధారపడకండి. అక్క, చెల్లి ఇద్దరూ ఉఖ్త్, నా అక్క లేదా చెల్లి ఉఖ్తీ. అన్న, తమ్ముడు అఖూయ్. కూతురు బింతీ. భర్త కాగితం మీద జౌజ్, మాటల్లో జోజీ, కువైట్ ఆడవాళ్ల నోట రైలీ. అన్న భార్య మరత్ అఖూయ్, భర్త చెల్లెలు ఉఖ్త్ జోజీ.

మాటలు సులువే, లోపలి అర్థం చూడండి. మనకు పెదనాన్న కొడుకు అన్న. పెళ్లి మాటే లేదు. అరబ్బులకు పెదనాన్న, చిన్నాన్న కొడుకే పెళ్లికి మొదటి హక్కుదారు. భార్యను "బింత్ అమ్మీ" (మా చిన్నాన్న కూతురు) అని పిలవడం కూడా అక్కడి పాత ఆచారం. మీ పెదనాన్న కొడుకు ఫర్వానియాలో ఉండి, శుక్రవారం ఆమెను చూడడానికి వచ్చాడనుకోండి. ఆమె "వల్ద్ అమ్మీ" అని పరిచయం చేస్తే మేడంకు వినపడేది "నేను పెళ్లాడదగ్గ మగవాడు". అందుకని నోటిమాటగా "అఖూయ్" అని, వెంటనే "మా దగ్గర పెదనాన్న కొడుకు అన్నతో సమానం" అని వివరించాలి. కాగితాల మీద మాత్రం ఉన్న వరుసే రాయాలి, అక్కడ అన్న అని రాస్తే అబద్ధం అవుతుంది.

దీనికి సరిగ్గా తలకిందులు మేనమామ. మన వైపు మేనమామను చేసుకున్నవాళ్లు ఎందరో. ఇస్లాం ధర్మం ప్రకారం తల్లి తమ్ముడు ఖాల్, మహరం, అతనితో పెళ్లి నిషిద్ధం. మేనమామను చేసుకున్న ఆడమనిషి "మా ఆయన నాకు ఖాల్ అవుతాడు" అంటే వినేవాళ్లు చెవులు మూసుకుంటారు. ఇంగ్లిష్‌లో "అంకుల్" అన్నా అదే గతి. ఆ చుట్టరికం ఎత్తకుండా "జోజీ" అని ఊరుకోవడమే మంచిది.

ఇంకొకటి. ఊరివాడిని, తెలిసినవాడిని ఇంగ్లిష్‌లో "మై ఫ్రెండ్" అంటాం. మీరు మగవాళ్లు, సదీక్ అని రోజూ వందసార్లు అని ఉంటారు. ఆడమనిషి ఒక మగవాణ్ణి "సదీకీ" అంటే ప్రియుడు అని అర్థం తీసుకునే ప్రమాదం ఉంది. ఆ మాట ఆమెకు అసలు నేర్పకండి. "మిన్ దీరతీ" (మా ఊరివాడు) అంటే చాలు. హబీబీ కూడా అంతే. ఆడవాళ్ల మధ్య హబీబ్తీ ఎంతైనా అనుకోవచ్చు, మగవాడితో హబీబీ అనకూడదు.

ఒంటి సంగతులు

నెలసరిని అద్దోరా అంటారు. "యాత్‌నీ ద్దోరా" అంటే నెలసరి వచ్చింది. ప్యాడ్లను ఫువత్ సిహ్హియ్యా అంటారు, కానీ ఆల్వేజ్ అన్నా షాపులో అర్థమవుతుంది. బత్‌నీ యఅవ్విర్‌నీ: కడుపు నొప్పి. దహ్రీ యఅవ్విర్‌నీ: నడుం నొప్పి. ఎక్కువగా అవుతుంటే దమ్ వాయిద్ (రక్తం ఎక్కువ), డాక్టరు మాటల్లో అది నజీఫ్.

గర్భిణిని హామిల్ అంటారు. ఆడవాళ్లకు మాత్రమే చెందిన స్థితి కాబట్టి దీనికి చివర "ఆ" చేరదు, హామిలా అంటే వస్తువు మోసేది అనే అర్థం వస్తుంది. మన హమాలీ కూడా ఈ హ-మ-ల నుంచే వచ్చింది, మోయడం అనే అర్థం. హమాలీ గుర్తుంటే హామిల్ గుర్తుంటుంది. గర్భం హమల్, గర్భ పరీక్ష తహ్లీల్ హమల్ లేదా ఫహ్స్ హమల్. మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, అనుమానం ఏమాత్రం ఉన్నా ముందే "యిమ్కిన్ అనా హామిల్" అని చెప్పాలి. కాన్పు విలాదా, ఆపరేషన్ కాన్పు కైసరియ్యా. ఆసుపత్రిలో ఆడవాళ్ల విభాగం నిసా వ విలాదా. "అబీ దుక్తోరా, మూ దుక్తోర్": లేడీ డాక్టరు కావాలి, మగ డాక్టరు వద్దు. ఇది అడగడం అక్కడ తప్పు కాదు, మామూలే.

డాక్టరు "మితా ఆఖిర్ దోరా?" అని అడుగుతారు. ఆఖిర్ మన ఆఖరే: ఆఖరి నెలసరి ఎప్పుడు? ఇంగ్లిష్ ఫారం మీద ఇదే ఎల్ఎంపీ అనే మూడక్షరాలుగా ఉంటుంది, పక్కన తేదీ రాయాలి. ఇక్కడ మన పల్లె ఆడవాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో 35 ఏళ్లకే గర్భసంచి తీయించుకున్నవాళ్లు చాలామంది. ఆ గడి ఖాళీగా వదిలేస్తే గర్భం దాస్తోందేమో అని అనుమానం వస్తుంది, మళ్లీ మళ్లీ పరీక్షలు పెడతారు. గడిలో "హిస్టరెక్టమీ", పక్కన ఆపరేషన్ జరిగిన సంవత్సరం రాయాలి. నోటితో "షాలవ్ రహిమ్" (గర్భసంచి తీసేశారు) అని చెప్పాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ మాత్రమే అయితే అది వేరు: ఇంగ్లిష్‌లో ట్యూబెక్టమీ, అరబిక్‌లో రబ్త్ (ముడి వేయడం). మనం రెంటినీ "ఆపరేషన్ అయింది" అనేస్తాం, అక్కడ అలా అంటే చాలదు. డిశ్చార్జి కాగితం ఫోటో ఫోన్‌లో ఉంచమనండి.

ఈజిప్టు డాక్టరు "ఆనిసా వల్లా మదామ్?" అని అడిగితే అది మర్యాద ప్రశ్న కాదు. పెళ్లయి సంసారం చేసినావిడేనా కాదా అని అడగడం. దాన్నిబట్టి ఏ రకం స్కానింగ్ చేయాలో నిర్ణయిస్తారు. మీ చెల్లెలు "మదామ్" అని చెప్పాలి, భర్త ఉన్నా లేకపోయినా. "బింత్" అనే మాటకు కూడా క్లినిక్కులో ఆనిసా అనే అర్థమే: పెళ్లికాని పిల్ల.

కాగితాలు, బోర్డులు

సెక్స్ అనే గడికి అరబిక్‌లో జిన్స్. ఆడ ఉన్‌సా, మగ జకర్. పెళ్లి వివరాల గడిలో నాలుగే ఉంటాయి: అజ్బా (పెళ్లి కాలేదు, ఇంగ్లిష్‌లో సింగిల్), ముతజవ్విజా (మ్యారీడ్), ముతల్లకా (డైవోర్స్‌డ్), అర్మలా (విడో). భర్త చనిపోయినావిడ "ఒంటరిదాన్ని కదా" అని సింగిల్ రాయకూడదు. భర్తతో విడిగా ఉంటూ కోర్టు విడాకులు లేని ఆవిడ మ్యారీడ్ అనే రాయాలి. ఏజెంటు తోచినట్టు నింపేస్తే పాస్‌పోర్టుకీ, బీమాలో నామినీకీ పొంతన కుదరదు, రేపు ఏదైనా అయితే పిల్లలు తిరగాల్సి వస్తుంది. స్పౌస్ అంటే భర్త, మెయిడెన్ నేమ్ అంటే పుట్టింటి ఇంటిపేరు. అరబ్బు ఆడవాళ్లు పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోరు, కాబట్టి పాస్‌పోర్టులో ఒకటీ పాత సర్టిఫికెట్లలో ఒకటీ ఎందుకుందో గుమస్తాకు వెంటనే తట్టదు. "ఇస్మీ గబ్ల్ జ్జవాజ్" (పెళ్లికి ముందు నా పేరు) అని చూపించాలి.

పేరు సంగతి మరొకటి. అరబిక్‌లో "ప" లేదు. పద్మ బతాకా (కువైట్ గుర్తింపు కార్డు) మీద బద్మా అవుతుంది, పుష్ప బుష్బా అవుతుంది. "వ"ను చాలాచోట్ల "ఫ"గా రాస్తారు. క్లినిక్కులో "బద్మా, బద్మా" అని పిలుస్తుంటే నన్ను కాదనుకుని కూర్చున్నవాళ్లు ఉన్నారు. బతాకా రాగానే అందులో పేరు ఎవరిచేతైనా చదివించుకుని ఆ పలుకు గుర్తుపెట్టుకోవాలి.

ఒప్పందం మీద ఆమె ఉద్యోగం ఆమిలా మన్‌జిలియ్యా, ఇంగ్లిష్‌లో డొమెస్టిక్ వర్కర్ లేదా హౌస్‌మెయిడ్. మాటల్లో ఖద్దామా అంటారు, అది పనిమనిషి అన్నట్టు తక్కువచేసే మాట, తన గురించి తాను వాడుకోనక్కర్లేదు. కువైట్‌లో ఇంటిపనివారికి 2015 నాటి 68వ నంబరు చట్టం ఉంది: రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికో సెలవు, ఏడాదికి జీతంతో 30 రోజుల సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. ఇందుకు కావాల్సిన మాటలు మూడే: మఆషీ (నా జీతం), ఇజాజా (సెలవు), జవాజీ (నా పాస్‌పోర్టు).

చదువు రానివాళ్లకు బోర్డులు చుక్కలతో నేర్పవచ్చు. మగవాళ్ల బోర్డు "రిజాల్": కింద ఒక్క చుక్క, పైన చుక్కే ఉండదు. "నిసా": పైన ఒక్క చుక్క, కింద ఏమీ ఉండదు. "సయ్యిదాత్": పైన రెండు, కింద రెండు. "హరీమ్": కింద రెండు, పైన లేదు. కింద ఒంటి చుక్క మాత్రమే ఉంటే అటు వెళ్లకూడదు. ఇంకో గుర్తు: మాట చివర రెండు చుక్కలున్న గుండ్రటి అక్షరం ఉంటే అది చాలామటుకు ఆడవాళ్లకు చెందిన రూపం. ఆమిల్‌కీ ఆమిలాకీ కాగితం మీద తేడా అదొక్కటే.

బట్టల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: అబాయా, హిజాబ్ అందరికీ తెలిసినవే. దర్రాఆ అంటే కువైట్ ఆడవాళ్లు వేసుకునే వదులు గౌను, దిష్‌దాషా మగవాళ్లది. ఇస్త్రీకి ఇచ్చేటప్పుడు ఈ రెండూ కలిపేయకూడదు.

తనను తాను కాపాడుకునే మాటలు

ఇవి నెమ్మదిగా కాదు, గట్టిగా అనడం నేర్పాలి. మా అబీ: నాకొద్దు. వఖ్ఖిర్ అన్నీ: నా నుంచి దూరం జరుగు (మగవాడికి). ఐబ్ అలేక్: సిగ్గులేదూ. బగూల్ హగ్ మామా: మేడంకు చెప్తాను. పోలీసులకు నంబరు 112. ఇక్కడ మగవాడితో అంటున్న మాటలు కాబట్టి మగరూపమే ఉండాలి, "వఖ్ఖిరీ" అంటే ఆడమనిషితో అన్నట్టు అవుతుంది.

తిట్లు గుర్తుపట్టాలి గానీ తిరిగి అనకూడదు. హ్మారా (గాడిద), హైవానా (పశువు) కోపంలో వచ్చేవి. గహ్బా, షర్మూతా అనేవి ఆడదాని శీలం మీద వేసే మాటలు, అన్నిటికంటే చెడ్డవి. గల్ఫ్‌లో మన మగవాళ్లు వీటిని సరదాకి అనుకోవడం మీకు తెలిసే ఉంటుంది. ఇంట్లో ఆ మాట ఆమె నోట వస్తే కేసు దాకా పోవచ్చు, ఎదుటివాళ్లు ఆమెను అంటే అది ఫిర్యాదులో చెప్పాల్సిన విషయం.

నేర్పే వరుస ఇలా పెట్టుకోండి. మొదటి వారం: మూ ఫాహ్మా, తఅబానా, తఆల్-తఆలీ జంటలు పది. రెండో వారం: పిలుపులు, వరుసలు, దరబ్‌నీ-దర్‌బత్‌నీ. మూడో వారం: నెలసరి, డాక్టరు, ఫారం మాటలు. ఒంటి సంగతులు అన్నగా మీరు చెప్పలేరు, ఆమె కూడా అడగలేదు. రాయచోటి, రాజంపేట చుట్టుపక్కల కువైట్‌లో చేసి వచ్చిన ఆడవాళ్లు ఏ వీధిలోనైనా ఉంటారు. ఒకరిచేత ఈ మాటలన్నీ పలికించి ఫోన్‌లో రికార్డు చేయించండి. ఆమె వినాల్సింది ఆడగొంతులో ఆడరూపాలు. అప్పుడు ఏ మాట చివర "ఈ" వస్తుందో, ఎక్కడ "ఆ" వస్తుందో చెవికే తెలిసిపోతుంది.

ఆమె వెళ్లేది కువైట్ కాకుండా సౌదీకో ఒమాన్‌కో మారితే ఈ "చ్"లు, "య"లు చాలాచోట్ల పోతాయి, ష్లోనిచ్ లాంటి పలకరింపులు కూడా ప్రాంతాన్నిబట్టి మారతాయి. తఆలీ, తఅబానా, హామిల్, అర్మలా ఎక్కడైనా అవే. వీసా ఏ దేశానిదో ఖాయమయ్యాక చెప్పండి, ఆ దేశపు మాటలు విడిగా రాస్తాను.